మైకమ్మ ఎత్తిన రెండు వేళ్ళు

ఆ బస్టాండులో ఇరవై ఆరేళ్ళు ఒకే గొంతు పలికింది. పైకప్పుకు తగిలించిన రేకు గొట్టాల్లోంచి వచ్చే మాట కనుక అది గొట్టాల మాటే అనుకునేవాళ్ళు చాలామంది. ఆ గొంతుకు ఒక మనిషి, ఆ మనిషికి కాళ్ళనొప్పులు, మొగుడు, మధ్యాహ్నం డబ్బా ఉంటాయని ఎవరికీ తట్టేది కాదు. తెలిసినవాళ్ళు మాత్రం ఆమెను మైకమ్మ అన్నారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. కట్టుకున్న మనిషి కూడా ఎవరైనా అడిగితే "మైకమ్మ ఇంటాయన్ని" అని చెప్పుకునేవాడు. ఆ చెప్పుకోవడంలో కొంచెం గొప్ప, కొంచెం భయం ఉండేవి.

మైకమ్మ చదివింది ఐదో తరగతి. పలకడం మాత్రం ఒక్క అక్షరం నమలకుండా, ఒక్క మాట మింగకుండా పలికేది. "రెండో ప్లాట్‌ఫారం" అందంటే, ఇంట్లో పెళ్ళాం మాట చెవిన పెట్టని మగాళ్ళు కూడా సంచులు ఎత్తుకుని రెండో ప్లాట్‌ఫారానికి నడిచేవాళ్ళు. బతిమాలడం ఆ గొంతులో లేదు. బస్సు ఆలస్యమైతే ఆలస్యం అనేది, ఎంతసేపో చెప్పేది, అంతే. "చివర క్షమించండి అని కూడా చేర్చండి" అని పైవాళ్ళు చీటీ రాసి పంపితే, ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. "బస్సు నేను నడిపానా? తప్పు చేసినవాడు అడగాలి క్షమాపణ. నేనెందుకు అడుగుతాను" అన్నది.

ఆమెది నోటి పని అని లోకం అనుకునేది. నిజానికి అది కళ్ళ పని. ఆమె గదికి మూడువైపులా అద్దాలు. గోడ మీద బస్సుల వేళల పట్టిక ఉండేది గానీ ఆమె దానివైపు చూసేది కాదు. చూపంతా బయట మలుపు మీదే. ఎందుకంటే నాలుగో ప్లాట్‌ఫారం ముందు ఒక గుంత ఉంది. ఎండ రోజుల్లో దాని పక్కనుంచి బస్సును ఒడుపుగా తోలుకోవచ్చు. వాన పడితే నీళ్ళు నిండి గుంత అంచు ఎక్కడో తెలియదు. ఒకసారి ఒక బస్సు చక్రం అందులో దిగబడి ఇరుసు విరిగింది, ఆ డ్రైవర్ని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటినుంచి డ్రైవర్లు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాన రోజుల్లో నాలుగో దానికి రావలసిన బస్సును రెండో దానికి తెస్తారు. తెచ్చే ముందు మలుపు దగ్గర దీపాలు రెండుసార్లు కొడతారు. మైకమ్మ అది చూసి "రెండో ప్లాట్‌ఫారం" అంటుంది. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు. డ్రైవర్ల చేతుల్లో ఉంది, ఆమె కళ్ళలో ఉంది.

బస్టాండుకు ఎదురుగా మూతపడ్డ నూలు మిల్లు ఉండేది. పావురాలు కాపురం చేసే ఆ మిల్లును కడిగి, సున్నం కొట్టి, అద్దాలు పెట్టి, గదులు గదులుగా కోసి స్టార్టప్పులకు ఇచ్చారు. పావురాలు పోయి కుర్రాళ్ళు వచ్చారు. ఒక గదిలో కూరగాయలు ఇంటికి పంపే కంపెనీ, ఒక గదిలో కుక్కలను షికారు తిప్పే మనుషులను వెతికిపెట్టే కంపెనీ, ఇంకో గదిలో మనిషి నిద్రలో ఎన్నిసార్లు దొర్లాడో లెక్కపెట్టే కంపెనీ. దొర్లినవాడికి ఆ సంగతి తెలియదా అని మైకమ్మ అడిగితే, తెలియదట.

ఆ మిల్లులోంచి ఒకడు ఒక రోజు చేతిలో కంప్యూటరు చార్జరు పట్టుకుని మైకమ్మ గది తలుపు కొట్టాడు.

"అమ్మా, ఒక్క అరగంట ప్లగ్గు వాడుకోనిస్తారా? మా గదికి కరెంటు తీసేశారు."

"ఎందుకు తీసేశారు?"

"కట్టలేదమ్మా."

"నిజం చెప్పావు, కూర్చో" అన్నది.

అరగంట మూడు నెలలైంది. ఆమె టీలో సగం వాడిది. ఆమె డబ్బాలో మూడో వంతు వాడిది. పేరు అడగడం ఆమెకు అలవాటు లేదు కనుక వాడు చార్జర్ అయ్యాడు. మూలన కూర్చుని టకటకా కొట్టుకుంటూ, మధ్యలో తల ఎత్తి ఆమె పలుకుతుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. ఆ చూపును ఆమె అభిమానం అనుకుంది. కోడిని చూసి తూకం వేసేవాడు కూడా అలాగే చూస్తాడని అప్పుడు తోచలేదు.

ఒకరోజు వాడు ఆమెను మిల్లుకు తీసుకెళ్ళాడు. కింద హాల్లో గోడంత ప్రపంచ పటం, దాని నిండా ఎర్ర గుండుసూదులు. పాత మిల్లులు, గోదాములు, రేవుల దగ్గరి షెడ్లు ఖాళీ చేసి కుర్రాళ్ళను కూర్చోబెట్టిన ఊళ్ళన్నిటికీ తలా ఒక సూది. ఫలానా కంపెనీ కారు షెడ్డులో మొదలైందమ్మా, ఫలానాది వంటింటి బల్ల మీద పుట్టిందమ్మా, ఇప్పుడు లోకమంతా వాళ్ళవే అని వాడు వేలు పెట్టి చూపించాడు.

"షెడ్డులో మొదలైనవి చెబుతున్నావు. షెడ్డులోనే ఆగిపోయినవి ఎన్ని?"

"అవి పటం మీద ఉండవమ్మా" అని నవ్వాడు.

తరువాత పైన, గోడలకు స్పాంజి అంటించిన గదిలో, పదకొండు రోజులు ఆమె చేత చదివించాడు. అంకెలు, ఊళ్ళ పేర్లు, తల తోక లేని వాక్యాలు. "నా పరిశోధనకమ్మా" అన్నాడు. ఆరు పేజీల కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. చీమ తలకాయలంత అక్షరాలు.

"ఇదేమిటి నాయనా?"

"మామూలేనమ్మా."

ఆమె పెట్టింది. సంతకం పెట్టినందుకు ఆమె తరువాత తనను తాను తిట్టుకున్న తిట్లు రాస్తే ఆరు పేజీలు చాలవు.

ఏడాది తిరక్కముందే బస్టాండుకు యంత్రం వచ్చింది. రేకు గొట్టాలు తీసి నల్లటి పెట్టెలు తగిలించారు. స్టేషను మేనేజరు మీట నొక్కాడు. పైనుంచి మైకమ్మ మాట్లాడింది. కింద మైకమ్మ నోరు తెరవలేదు. ఆమెకు రాని నాలుగు భాషల్లో కూడా ఆమె గొంతు గడగడా మాట్లాడింది. జనం చప్పట్లు కొట్టారు. చార్జర్ దండ వేయించుకున్నాడు. "మీకిక విశ్రాంతమ్మా" అని మేనేజరు ఆమెను పోయిన వస్తువుల గదికి మార్చాడు.

అది కూడా ఆమె దిగమింగేదేమో. వారం తరువాత ఇంటాయన పేపరు తెచ్చాడు. ప్రపంచంలో గమనించవలసిన యాభై చిన్న కంపెనీలట, అందులో చార్జర్‌ది ఒకటి. బొమ్మ కూడా వేశారు, కొత్త చొక్కా. మైకమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. ఈ గొంతు ఎవరిది అని విలేఖరి అడిగితే వాడు అన్నాడట: "ఏ మనిషిదీ కాదు. మా యంత్రం తనంతట తానే పుట్టించుకుంది."

ఆమె ఆ ముక్క మూడుసార్లు చదివింది.

"పోనీలేవే, ఉద్యోగం ఉందిగా" అన్నాడు ఇంటాయన.

"ఉద్యోగం తీసేస్తే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. వాడు నన్ను మనిషినే కాదన్నాడు. నా టీ తాగి, నా ప్లగ్గు వాడుకుని. వాడి చేతే, ఆ మైకులోనే, ఇది ఫలానా దానిదని చెప్పించకపోతే చూడండి."

"ఎలా చెప్పిస్తావు?"

"ఏమీ చెయ్యను. నోరు మూసుకుంటాను."

ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అన్నట్టే చేసింది. మర్నాటినుంచి బస్టాండు గడపలోపల ఒక్క మాట మాట్లాడలేదు. గొంతు ఎవరిదీ కానప్పుడు ఇక ఎవరికి వినపడాలి? పోయిన వస్తువుల గదిలో గొడుగులు, ఒంటి చెప్పులు, డబ్బాలో పళ్ళసెట్టు, ఒక చేతికర్ర. కర్ర మరచిపోయి ఆ ముసలాయన నడిచి ఎలా వెళ్ళాడో ఆ దేవుడికే తెలియాలి. ఆ గదికి ఒక లావుపాటి పుస్తకం ఉంది. దొరికిన ప్రతి వస్తువునూ అందులో రాయాలి. సొంతదారు స్వయంగా వచ్చి, గుర్తులు చెప్పి, ఆఖరి గడిలో ఎవరిదో రాసి సంతకం పెడితే తప్ప గుండుసూది కూడా బయటికి వెళ్ళకూడదు. మైకమ్మ మొదటిరోజే అందులో ఒక వరస రాసింది. వస్తువు: గొంతు. దొరికిన చోటు: పైకప్పు. ఎవరిది అన్న గడి ఖాళీగా వదిలింది.

ఇంతలో ఆ గొంతు ఊరు మీద పడింది. చార్జర్ దాన్ని ఎక్కడ పడితే అక్కడ అమ్మాడు. కంటి ఆస్పత్రి లిఫ్టులో "తోసుకోకండి" అంటూ ఆమె. కార్లు పెట్టే చోట "ఇక్కడ ఆపరాదు" అంటూ ఆమె. ఒకరోజు బజారులో ఇంటాయన మరుగుదొడ్డికి వెళ్ళి అర నిమిషంలో బయటికి వచ్చేశాడు.

"ఏమైంది?"

"లోపల కూడా నువ్వే. గడియ వేసుకోమంటున్నావు, నీళ్ళు పొయ్యమంటున్నావు. ఇంట్లో ఎలాగూ తప్పదు, ఇక్కడన్నా నన్ను వదలవే."

ఆమె నవ్వలేదు. ఆ రాతి ముఖం చూసి ఆయన నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

బస్టాండులో మాత్రం ఒక తమాషా మొదలైంది. యంత్రానికి కళ్ళు లేవు. వానరోజున కూడా పట్టిక చూసి "నాలుగో ప్లాట్‌ఫారం" అనేది. బస్సు రెండో దాంట్లో ఆగేది. మొదటి వానకే, చంటిదాన్ని ఎత్తుకున్న ఒక తల్లి నాలుగో దాని దగ్గర నిలబడి ఆస్పత్రికి వెళ్ళే బస్సు తప్పిపోయింది. ఆమె అక్కడే కూలబడటం మైకమ్మ, మలుపుదాకా కనబడే తన గది కిటికీలోంచి చూసింది. మౌనం తన పంతం, దానికి ఆ పసిదాన్ని బలిపెట్టడమేమిటి? మర్నాటినుంచి మలుపు దగ్గర దీపాలు రెండుసార్లు కొట్టగానే, కిటికీలోంచి రెండు వేళ్ళు ఎత్తి చూపించడం మొదలుపెట్టింది. నోరు మాత్రం విప్పలేదు.

నెల తిరిగేసరికి రోజూ వచ్చేవాళ్ళందరికీ అలవాటైపోయింది. పైన యంత్రం ఏదో అంటుంది. అందరి తలలూ ఒక్కసారి పోయిన వస్తువుల గదివైపు తిరుగుతాయి. వేళ్ళు చూస్తారు, కదులుతారు.

అలా రెండు నెలలు దాటాక ఒకనాడు మేనేజరు వచ్చి గడపలో నిలబడ్డాడు.

"అమ్మా, వచ్చే సోమవారం పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆ పటం మీద సూదులున్న ఊళ్ళనుంచి, ఎనిమిదిమంది. ఈ యంత్రం నచ్చితే వాళ్ళ ఊళ్ళన్నిట్లో పెట్టిస్తారట. మామూలు ప్రయాణికుల్లా టిక్కెట్లు పట్టుకుని, యంత్రం మాట విని పదిన్నర బస్సు ఎక్కి చూస్తారట. ఇందులో ఏమైనా లోటుంటే మీకే తెలియాలి. చెప్పండి, ఆ అబ్బాయికి చెబుతాను."

పదిన్నర బస్సు నాలుగో ప్లాట్‌ఫారానిది. మైకమ్మ అతని ముఖంలోకి ప్రశాంతంగా చూసి, లేదని తల ఊపింది.

ఆ శుక్రవారం సిమెంటు తట్టతో తాపీమేస్త్రీ వచ్చాడు. పెద్దవాళ్ళ రాకకు బస్టాండు సింగారిస్తున్నారు. "అమ్మా, ఇక్కడేదో గుంత పూడ్చమన్నారు, ఎక్కడది?" అన్నాడు. మైకమ్మ లేచి, కిటికీలోంచి చెయ్యి బారుగా చాపి తొమ్మిదో ప్లాట్‌ఫారం చూపించింది. అక్కడ కోడిగుడ్డు పట్టేంత పల్లం ఒకటి ఉంది. మేస్త్రీ దాన్నే శ్రద్ధగా పూడ్చి, నున్నగా చేసి, నీళ్ళు చల్లి వెళ్ళాడు. మైకమ్మ ఆ పూట డబ్బా అడుగు కనబడేదాకా తిన్నది.

సోమవారం తెల్లారేసరికి కుండపోత వాన. "గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు ఇంటాయన. "నలభై ఒక్క గొడుగులున్నాయి నా గదిలో" అని ఆమె తడుస్తూనే వెళ్ళింది. ఆ వానలో ఆమె ముఖం పెళ్ళికూతురి ముఖంలా ఉంది.

పది ఇరవైకి వాన నెమ్మదించింది. ఎనిమిదిమంది వచ్చారు, తెల్లటి బూట్లు, మెడల్లో పేర్ల బిళ్ళలు. ముందు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ. తెలుగు కాస్త తడబడినా అందరికీ అర్థమయ్యేలా మాట్లాడుతోంది. వాళ్ళ పక్కన చార్జర్. పోయిన వస్తువుల గది ముందునుంచే వెళ్ళాడు గానీ తల తిప్పలేదు.

"నేను మీకు ఏమీ చెప్పను. యంత్రమే చెబుతుంది. వినండి, వెళ్ళి ఎక్కండి" అన్నాడు వాళ్ళతో.

మలుపు దగ్గర పదిన్నర బస్సు కనిపించింది. దీపాలు రెండుసార్లు వెలిగాయి.

"పదిన్నర బస్సు నాలుగో ప్లాట్‌ఫారానికి వచ్చుచున్నది" అన్నది పైనున్న గొంతు.

అరవై తలలు గిర్రున తిరిగాయి. మైకమ్మ రెండు వేళ్ళు ఎత్తింది. అరవైమంది మూటాముల్లె సర్దుకుని రెండో ప్లాట్‌ఫారానికి నడిచారు. ఎనిమిదిమందీ చార్జరూ నాలుగోదాని ముందు నిలబడ్డారు.

"వాళ్ళంతా అటు వెళ్తున్నారేం?" అన్నదావిడ.

"వాళ్ళది వేరే బస్సండీ" అన్నాడు చార్జర్.

బస్సు రెండోదాని దగ్గర ఆగింది, నింపుకుంది, కదిలింది. అది చార్జర్‌కు అర్థమై చెయ్యి ఎత్తేసరికి గేటు దాటిపోయింది. నాలుగోది ఖాళీగా ఉంది కదా అని, డ్రైవర్ల కట్టుబాటు తెలియని పార్సిలు వ్యాను ఒకటి సర్రున దూసుకొచ్చి గుంతలో పడి లేచి పోయింది. గుంతలో నీళ్ళన్నీ లేచి ఎనిమిదిమంది మీద పడ్డాయి. చార్జర్ కొత్త చొక్కా మీద కూడా, సమంగా.

ఎక్కని టిక్కెట్లు ఎనిమిది ఉన్నాయని యంత్రానికి తెలిసింది కాబోలు. "మీ బస్సు వెళ్ళిపోయినది. జరిగిన అసౌకర్యానికి క్షమించండి" అన్నది. క్షమాపణ ఎరగని గొంతునుంచి తీసిన మాట అది. ఆజ్ఞ వేసినట్టు ఖంగుమంది. మళ్ళీ నాలుగు భాషల్లో నాలుగుసార్లు గద్దించింది.

"క్షమించకపోతే తన్నేటట్టుంది" అన్నాడు బెంచీ మీద ఒక ముసలాయన. బస్టాండంతా ఘొల్లుమంది.

నెరిసిన జుట్టావిడ నవ్వలేదు. బురద కారుతున్న బూట్లతో నేరుగా పోయిన వస్తువుల గది దగ్గరికి వచ్చింది. వెనకే చార్జర్, మేనేజరు.

"అందరూ పైన మాట విని, మీ వైపు చూశారు. ఎందుకు?"

మైకమ్మ ఆవిడను చూసింది. ఆవిడ భుజం మీదుగా చార్జర్‌ను చూసింది. డెబ్బై రెండు రోజుల తరువాత నోరు తెరిచింది.

"నాకు కళ్ళున్నాయి కనుక."

ఆవిడ తల ఎత్తి నల్లటి పెట్టె చూసింది, దించి మైకమ్మను చూసింది. ఆ తరువాత చార్జర్ వైపు తిరిగింది.

"ఈ గొంతు ఏ మనిషిదీ కాదని రాసిచ్చారే మీరు, మాకు కూడా?"

"కాగితం ఉందండీ, ఆవిడ సంతకం పెట్టారు..."

"అడిగింది కాగితం గురించి కాదు. ఈవిడదేనా?"

చార్జర్ మైకమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క మాట చెప్పండమ్మా. మీకు ఇష్టమేనని. మన చనువు కొద్దీ..."

"ఏ చనువు? టీ గ్లాసు చనువా, ప్లగ్గు చనువా? ఎవరిదీ కాని గొంతు ఇష్టం ఎలా చెబుతుందిరా?"

"తప్పేనమ్మా."

"నాకు చెబితే నేనొక్కదాన్నే వింటాను. ఎవరిదీ కాదని లోకమంతటికీ చెప్పావుగా."

నెరిసిన జుట్టావిడ మేనేజరు అందించిన తువ్వాలు వద్దంది. "ఈవిడ సరేననకుండా మేము ఒక్క పెట్టె కూడా కొనం" అని చెప్పి, గడప పక్క బల్ల మీద కూర్చుంది, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు.

మైకమ్మ లావుపాటి పుస్తకం తీసి, ఆ వరస వెతికి, చార్జర్ ముందు తోసింది. పెన్ను కూడా ఇచ్చింది. వాడు వంగి చదివాడు. వస్తువు, దొరికిన చోటు, ఖాళీ గడి. బురద చేత్తో "మైకమ్మది" అని రాశాడు.

"సంతకం."

పెట్టాడు.

"చీమ తలకాయలంత పెట్టకు. కనపడాలి."

మళ్ళీ పెద్దగా పెట్టాడు. ఆ పైన ఆమె వాణ్ని వెంటబెట్టుకుని తన పాత గదికి నడిచింది. మేనేజరు తాళం తీశాడు. పాత మైకు దుమ్ముకొట్టుకుని అక్కడే ఉంది. బల్ల కాలి కింద చీటీ కూడా. మేనేజరు మైకు తీగను పైనున్న నల్లటి పెట్టెలకు కలిపాక చార్జర్ దాని ముందు కూర్చున్నాడు. వాడి గొంతు పీలగా, వణుకుతూ బస్టాండు మీద పాకింది. "ఇప్పటిదాకా మీరు విన్న గొంతు మైకమ్మ గారిది. ఎవరిదీ కాదని అబద్ధం చెప్పింది నేను. క్షమించండి."

"వినపడలేదు" అన్నది మైకమ్మ, పక్కనే నిలబడి.

వాడు మళ్ళీ చెప్పాడు. అద్దాల బయట జనం నిలబడిపోయి విన్నారు. బెంచీ మీద ముసలాయన కూడా ఈసారి నవ్వలేదు.

"ఇక సరేనంటారామ్మా?" అన్నాడు వాడు లేచి.

"అనను. నా గొంతు ఎక్కడెక్కడ తగిలించావో అన్ని చోట్లా దించెయ్యి. ఆస్పత్రిలో, కార్ల దగ్గర, బజారులో."

"అక్కడ ఏదో ఒక గొంతు ఉండాలి కదమ్మా. ఒప్పుకున్నాం వాళ్ళకి."

"నీది లేదూ?"

నెరిసిన జుట్టావిడ వెళ్ళబోతూ మైకమ్మను తమతో వచ్చి యంత్రానికి చూడటం కూడా నేర్పించమని అడిగింది. చాలా మర్యాదగానే అడిగింది. "నోరు పట్టుకెళ్ళినవాళ్ళు చాలు, కళ్ళు నా దగ్గరే ఉండనివ్వండి" అన్నది మైకమ్మ, అంతే మర్యాదగా. ఆవిడ చార్జర్ దగ్గర ఏమీ కొనకుండానే వెళ్ళింది. మిల్లులో పటం మీద ఆ ఏడాది కొత్త సూదులు గుచ్చారు గానీ, వాటిలో వాడిది లేదు.

సాయంత్రానికి యంత్రం నోరు మూయించి నల్లటి పెట్టెలన్నిటినీ పాత మైకుకే ఉంచేశారు. మర్నాడు మళ్ళీ వచ్చిన తాపీమేస్త్రీకి మైకమ్మ నాలుగో ప్లాట్‌ఫారం గుంత చూపించింది.

పది రోజుల తరువాత ఇంటాయనతో బజారుకు వెళ్ళింది. మరుగుదొడ్డి దగ్గర ఆగి సంచి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. గడియ వేసుకోండి, నీళ్ళు పొయ్యండి అని చార్జర్ పీలగొంతు ఆమెను బతిమాలింది. బయటికి వచ్చింది. నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది.

"ఏమిటే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఇంటాయన, ఆమె రెండోసారి బయటికి వచ్చాక.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నది మైకమ్మ, సంచి అందుకుంటూ. "మొదటిసారి సరిగా వినపడలేదు."